నాలుగో గుడిసె

బ్రెకెట్ హాలో, న్యూయార్క్ రాష్ట్రం
14 సెప్టెంబర్ 1996

ప్రియమైన ఇర్మాకు,

అరిజోనా ఎండకు నీ ఉబ్బసం తగ్గుముఖం పట్టిందని రాశావు, సంతోషం. ఇక్కడ కొండల మీద మేపుల్ ఆకులు అప్పుడే ఎర్రబడుతున్నాయి. ఒకప్పుడు ఆకులు ఎర్రబడ్డాయంటే కొత్త నోటు పుస్తకాల వాసన గుర్తొచ్చేది. ఇప్పుడు డ్వేన్ ష్రామ్ గుర్తొస్తున్నాడు.

వాడు నీకు గుర్తుండే ఉంటాడు. నా నాలుగో తరగతి బెంచీని రెండేళ్ళు అరగదీసినవాడు. తండ్రి ఇచ్చిన పాడి కాస్తా కిట్టక ఆవుల్ని అమ్మేసి, మూడేళ్ళ కిందట దయ్యాల వ్యాపారంలో దిగాడు. అక్టోబర్ వచ్చిందంటే చాలు, ట్రాక్టర్ వెనక బండి కట్టి, దాని మీద గడ్డిమోపులు పరిచి, పట్నం జనాన్ని ఎక్కించుకుని చీకటి పడగానే పొలాల్లో తిప్పుతాడు. మొక్కజొన్న చేలోంచి ముసుగులేసుకున్న దద్దమ్మలు దూకి అరుస్తారు. బండెక్కినవాళ్ళూ అరుస్తారు. దీనికి మనిషికి ఎనిమిది డాలర్లు. నేను ఇరవై ఏడేళ్ళ పాటు పిల్లల చేత అరుపులు ఉచితంగా మాన్పించాను.

ఈ ఏడు అది చాలదన్నట్టు బండి దిగాక అడవిలో నడక కూడా పెడుతున్నాడు. పాత పశువుల కొట్టం చెక్కలతో చెట్ల మధ్య గుడిసెలు వేయిస్తున్నాడు. ఆ అడవి నా పెరటి కంచెను ఆనుకునే ఉంది కదా, పొద్దున లేచింది మొదలు సుత్తి దెబ్బలే. రోడ్డు మలుపులో మంచమంత బోర్డు నిలబెట్టాడు. దాని మీద 'భయంకరమైన' అన్న మాటలో సున్నా ఎగిరిపోయి 'భయకరమైన' అయింది. వాడికి రెండేళ్ళు అక్షరాలు దిద్దించింది నేనే కాబట్టి, ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఎవరో నా మొహాన ఉమ్మినట్టుంటుంది.

ఊరుకోలేదులే. వచ్చే ఏడాదికి వాడికి అనుమతి ఇవ్వవద్దని కాగితం రాసి సంతకాలు పోగుచేస్తున్నాను. ఇప్పటికి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. నవంబర్ నాలుగున ఊరి మండలి కూర్చుంటుంది. మండలి పెద్ద మాత్రం, కళ్ళతో చూడనిదాని మీద ఫిర్యాదు ఎలా చేస్తారని అడిగాడు. పెంటకుప్ప కంపు కొడుతుందని చెప్పడానికి అందులో దిగి చూడాలా అన్నాను. దిగి చూస్తేనే బాగుంటుందన్నాడు. సరే, దిగుతాను.

నీ,
లియోనా


టక్సన్, అరిజోనా
25 సెప్టెంబర్ 1996

లియోనా,

నీ ఉత్తరం చదివి పక్కింటావిడ ఏమైందని అడిగేంత గట్టిగా నవ్వాను. వెళ్ళు, తప్పక వెళ్ళు. వెచ్చని మేజోళ్ళు వేసుకో, గడ్డి గుచ్చుకుంటుంది.

అయినా ఒక మాట చెప్పనా? ఆవులు పోయాక ఆ కొండల్లో కుర్రకారుకు పనేముంది? ఏడాదికి నెల రోజులు మొహాలకు రంగు పూసుకుని అరిచి నాలుగు డబ్బులు సంపాదించుకుంటే మనకేం పోయింది? నా మేనకోడలు మార్సీ కిందటేడు పిల్లలతో వెళ్ళిందట. ఆపిల్ రసం బాగుందని రాసింది. ఈ ఏడూ వెళతానంటోంది.

నువ్వు భయపడతావేమోనన్న బెంగ నాకు లేదు. నువ్వు భయపడగా నేనెప్పుడూ చూడలేదు. నీకు భయపడ్డవాళ్ళనే చూశాను.

చూసింది చూసినట్టు రాయి. ఇక్కడ ముళ్ళచెట్లు తప్ప చూడ్డానికి ఏమీ లేదు.

ప్రేమతో,
ఇర్మా


బ్రెకెట్ హాలో
14 అక్టోబర్ 1996

ప్రియమైన ఇర్మాకు,

శనివారం సాయంత్రం ఆరున్నర బండికి వెళ్ళాను. నోటు పుస్తకం, పెన్సిలు, టార్చిలైటు పట్టుకెళ్ళాను. డ్వేన్ నాకు టికెట్టు ఊరికే ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. లంచం తిన్న సాక్షి మాటకు విలువుండదు.

గడ్డిమోపుల మీద ఇరవై మందిని గుడ్ల బుట్టలో గుడ్లలా కుక్కారు. నా పక్కన ఆల్బనీ నుంచి వచ్చిన జంట. ఏమీ మొదలవకముందే ఆ అమ్మాయి కేకలు పెట్టడం మొదలుపెట్టింది. అతను ఆమెను ఓదార్చే వంకతో డోనట్ చక్కెరంతా నా కోటుకు తుడిచాడు. ట్రాక్టర్ నడిపేవాడికి మేక కొమ్ములు, ఎర్ర తోక. నన్ను చూడగానే లేచి నిలబడి, జాగ్రత్తగా ఎక్కండి మిస్ డెక్కర్ అని చెయ్యి అందించాడు. ఆ సైతానుకు మర్యాద నేర్పిందీ నేనే. 1974 బ్యాచి.

చేను దాటుతుంటే దుప్పట్లు కప్పుకున్న దయ్యాలు నాలుగు వచ్చాయి. ఒకదాని కాలికి స్కూలు బాస్కెట్‌బాల్ జట్టు మేజోళ్ళు. పెళ్ళిబట్టల్లో చచ్చిపోయినామె ఒకతె బండి వెంట ఏడుస్తూ పరుగెత్తింది. పాపం ముప్ఫై గజాలకే ఆయాసం వచ్చి, నడుము పట్టుకుని నిలబడిపోయింది. చచ్చినవాళ్ళకు ఆయాసమేమిటని పుస్తకంలో రాసుకున్నాను.

అడవి దగ్గర దింపి, తాడు కట్టిన దారిలో పదేసి మంది చొప్పున పొమ్మన్నారు. మొదటి గుడిసెలో కసాయివాడు. రబ్బరు చేతులు, టమాటా రసం. రెండో గుడిసెలో శవపేటిక. దాని మూత తాడుతో లేవాలి, లేవలేదు. లోపలి శవం కాస్త పైకి నెట్టండి అని మర్యాదగా అడిగితే జనమే నెట్టారు. తర్వాత మూడో గుడిసె మంత్రగత్తె. పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడే. గరిటె తిప్పుతూనే నా పార్సిలు వచ్చిందని చెప్పింది.

ఆ తర్వాత ఇంకా ఏవో ఉన్నాయి, చెప్పుకోదగ్గవి కావు. పొలానికి అడ్డం పడి ఇంటికొచ్చేశాను, అదే దగ్గర.

ఇర్మా, ఇది నవంబర్ దాకా ఆగే వ్యవహారం కాదు. ఈ వారమే, ఆ దయ్యాల పండగ హాలోవీన్‌కు ముందే మూయించాలి. ఇందులో వినోదం లేదు, కళ లేదు. ఉన్నదల్లా బురద, నీచత్వం. బతికున్నవాళ్ళ మీద పడి బతికే జాతి ఇది. వకీలుకు ఉత్తరం రాశాను. నిన్న ఆదివారం చర్చికి వెళ్ళలేదు, మంచుకు జలుబు చేసింది.

లియోనా


టక్సన్
20 అక్టోబర్ 1996

లియోనా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడు గుడిసెలదాకా నీ చేతిరాత నల్లబల్ల మీద రాసినట్టే ఉంది. ఆ తర్వాత అక్షరాలు వంకర్లు పోయాయి. 'బతికున్నవాళ్ళ మీద పడి బతికే జాతి' అని రాశావు. కసాయివాడికీ మంత్రగత్తెకూ ఇంత కోపమెందుకా అనుకున్నాను.

అంతలో మార్సీ ఉత్తరం వచ్చింది. అదీ ఆ శనివారమే పిల్లలతో వెళ్ళిందట. నీ వెనక గుంపులో ఉంది. నాలుగో గుడిసె సంగతి రెండు పేజీలు రాసింది, నవ్వుతూ రాసింది. అది ఒక తరగతి గదట. అందులో పంతులమ్మకు విగ్గు, బూడిదరంగు స్వెటరు, గొలుసుకు వేలాడే కళ్ళజోడు, చేతిలో బెత్తం. వాకిలి దగ్గర మిస్ డెక్కర్ కొయ్యబొమ్మలా నిలబడిపోయిందని, తర్వాత తాడు దాటి చీకట్లో పొలంలోకి వెళ్ళిపోయిందని రాసింది.

నేను నవ్వలేదు లియోనా. నువ్వు ఒక్కదానివి ఆ పొలంలో నడుస్తుండటం కళ్ళ ముందు కనిపించింది. కానీ మార్సీ ఇంకొకటి కూడా రాసింది. ఆ విగ్గు కింద ఉన్నది డార్లా ఫెల్టర్ అట. ఇప్పుడు పశువుల దాణా కొట్లో పనిచేస్తోందట. నీకు గుర్తుందో లేదో. నాకు గుర్తుంది.

1968, వసంతకాలం. పదేళ్ళ పిల్ల, నత్తి. నువ్వు దాన్ని నిలబెట్టి ఒక వాక్యం చదవమన్నావు. చదివేదాకా ఎవరూ కదలకూడదన్నావు. మన రెండు గదుల మధ్య ఉన్నది పలచని చెక్క గోడ. నాకంతా వినిపించింది. నలభై నిమిషాలు. మధ్యమధ్య నీ గొంతు, దాని గొంతు, పిల్లల నవ్వు. చివరికి ఆ పిల్ల గౌను తడుపుకుందని మధ్యాహ్నం ఆయా చెప్పింది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? నా రెండో తరగతి పిల్లల్ని లేపి పాట పాడించాను. గట్టిగా, ఇంకా గట్టిగా అన్నాను. ఆ ఒక్క రోజే కాదు. ఇరవై ఏడేళ్ళు నీ పక్క గదిలో పాటలు పాడించాను. నాకు, అంటే వాళ్ళ మిస్ టటిల్‌కు సంగీతమంటే ప్రాణమని ఊరంతా అనుకుంది.

నువ్వు నా స్నేహితురాలివి. కాబట్టే అప్పుడు అనలేదు. కాబట్టే ఇప్పుడు అంటున్నాను.

ఇర్మా


బ్రెకెట్ హాలో
24 అక్టోబర్ 1996

ఇర్మా,

నీ ఉత్తరం అందింది.

ఇరవై ఎనిమిదేళ్ళు దాచుకుని, రెండు వేల మైళ్ళ దూరం వెళ్ళి, స్టాంపు అంటించాక నీకు ధైర్యం వచ్చినందుకు అభినందనలు. నువ్వు పాటలు పాడించావు, మిఠాయిలు పంచావు, పిల్లలు నిన్ను ప్రేమించారు. వాళ్ళు నా గదిలోకి వచ్చేసరికి సగం మందికి అక్షరాలు రావు. ఆ సగాన్ని నేను చదివించాను. పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడ చిరునామా చదవగలుగుతోందంటే నా వల్ల. డార్లా ఫెల్టర్ ఇవాళ దాణా బస్తాల మీద రాసింది చదవగలుగుతోందంటే నా వల్ల. అందుకు కృతజ్ఞత ఇదన్నమాట. వెధవ విగ్గు, వెధవ గుడిసె.

తియ్యటి గొంతులతో దేశాలు నడవవు. నీలాంటివాళ్ళు ప్రేమించబడటానికి నాలాంటివాళ్ళు పక్క గదిలో ఉండాలి.

నాకు జవాబు రాయనవసరం లేదు.

ఎల్. డెక్కర్


బ్రెకెట్ హాలో
27 అక్టోబర్ 1996

ప్రియమైన ఇర్మా,

గురువారం రాసిన ఉత్తరం వెనక్కి తెచ్చుకుందామని పోస్టాఫీసుకు వెళ్ళాను. సంచీ అప్పటికే వెళ్ళిపోయిందంది స్టాంపులమ్మే ఆవిడ. అది ముందు అందుతుంది, ఇది తర్వాత. చదివాక దాన్ని పొయ్యిలో వెయ్యి. మీ ఊళ్ళో పొయ్యిలుండవేమో, చించెయ్యి.

నాలుగో గుడిసె గురించి రాస్తాను. చూసింది చూసినట్టు రాయమన్నావు కదా.

మన బడి మూసినప్పుడు వేలం వేసిన బల్లలు డ్వేన్ కొన్నాడట. అవే నాలుగు వరసలు. వెళ్ళినవాళ్ళంతా వాటిల్లో కూర్చోవాలి. ఒక్కొక్కడు ఎద్దంత మనిషి, మోకాళ్ళు గడ్డానికి ఆనుకుని కూర్చున్నారు. నేను వాకిట్లోనే నిలబడ్డాను. మిగతా గుడిసెల్లోలా ఎవరూ పైన పడి అరవలేదు. ఆమె మాకు వీపు పెట్టి నల్లబల్ల మీద రాస్తోంది. సుద్దముక్క చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. స్వెటరు చేతి మడతలో రుమాలు దోపుకుంది. నేనూ రుమాలు అక్కడే దోపుకుంటాను. అద్దంలో మనం మన మొహాన్నే చూసుకుంటాం ఇర్మా, వీపును ఎప్పుడూ చూసుకోం. నా వీపు అలా ఉంటుందని ముప్ఫై మంది పిల్లలకు తెలుసు, నాకే తెలియదు.

తర్వాత ఇటు తిరిగింది. మొహానికి సుద్దరంగు. గడ్డంవాడొకణ్ణి చూపించి లెమ్మంది. లేచాడు. నల్లబల్ల మీద ఉన్నది చదవమంది. అతను నవ్వుతూ నోరు తెరిచాడు. తెరవగానే ఆపింది. మళ్ళీ అంది. మళ్ళీ ఆపింది. నాలుగోసారి అతను నవ్వడం మానేశాడు. అప్పుడంది, నెమ్మదిగా, విసుగు లేకుండా:

"పరవాలేదు. మాకు తొందరేమీ లేదు. నీకోసం మేమంతా సాయంత్రం దాకా కూర్చుంటాం."

నా మాట అది. నా గొంతు కూడా. నత్తి మచ్చుకైనా లేదు. నా మాటలు పలికేటప్పుడు ఆ పిల్లకు నత్తి రాదు.

మంగళవారం డ్వేన్ దగ్గరకు వెళ్ళాను. కొట్టంలో గుమ్మడికాయలు పేరుస్తున్నాడు. నన్ను చూసి టోపీ తీశాడు. ఆ గుడిసె తీసేయమన్నాను, పరువునష్టం దావా వేస్తానన్నాను. వాడు టోపీ అంచు తిప్పుతూ, మొదటి వారం అక్కడ చచ్చిన డాక్టర్ని పెడితే జనం పగలబడి నవ్వారని, డార్లా తనంతట తనే వచ్చి ఈ గుడిసె అడిగిందని చెప్పాడు. అది మాత్రం నవ్వుతూ ఎవరూ దాటడం లేదన్నాడు.

"మీ పేరు ఎక్కడా పెట్టలేదు టీచర్," అన్నాడు. "గుర్తుపట్టింది మీరే."

రెండేళ్ళు నా ముందు కూర్చుని ఒక్క ప్రశ్నకూ సరిగా జవాబు చెప్పనివాడు చెప్పిన జవాబది. ఇంటికి బయల్దేరుతుంటే వెనకనుంచి ఇంకో మాట అన్నాడు. ఆ గుడిసెకు మేకులు కొట్టింది తానేనట, కానీ డార్లా ఆ వేషం వేశాక తాను లోపల అడుగు పెట్టలేదట.

నేను వాళ్ళను చదివించాను. అది అబద్ధం కాదు. కానీ ఈ వారం రోజులుగా రాత్రిపూట ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ, వీడు నా వల్ల చదివాడా, నేను ఉన్నప్పటికీ చదివాడా అని లెక్క వేస్తున్నాను. తేలడం లేదు.

వకీలుకు వద్దని రాశాను. అది మంచితనం అనుకోకు. సాక్ష్యం చెప్పడానికి ఎవరెవరు వస్తారో ఆలోచించాను, అంతే.

నీ,
లియోనా


టక్సన్
31 అక్టోబర్ 1996

లియోనా,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. మొదటిది చించలేదు. అందులో కొంత నిజముంది. నువ్వు కఠినంగా ఉండబట్టే నేను మెత్తగా ఉండగలిగాను. ఆ సుఖం నేను ఎంచక్కా అనుభవించాను.

ఏం చేయాలని నువ్వు అడగలేదు. అడిగినా చెప్పే అర్హత నాకు లేదు. డార్లాకు నేనూ ఒక ఉత్తరం రాశాను, ఆ రోజు గోడవతల ఉన్నది నేనేనని. జవాబు వస్తుందనుకోవడం లేదు.

ఇవాళ హాలోవీన్. పక్కింటి పసివాడు తేనెటీగ వేషంలో వచ్చి మిఠాయిలు అడిగాడు. రెండు పిడికిళ్ళు పోశాను. ఇలాంటివి నాకు బాగా వచ్చు.

ఇర్మా


బ్రెకెట్ హాలో
6 నవంబర్ 1996

ప్రియమైన ఇర్మా,

ముందు మండలి సంగతి. సంతకాల కాగితం ఇవ్వలేదు. కార్లు నా పెరటి గడ్డి మీద నిలపకూడదని మాత్రం విడిగా రాసిచ్చాను. ఎంత మారినా అంత మారను. సంతకాలు పెట్టిన ముప్ఫై ఎనిమిది మందీ ఇప్పుడు నా మీద మండిపడుతున్నారు. వాళ్ళను ఇంటింటికీ తిరిగి రెచ్చగొట్టింది నేనేనని గుర్తుచేస్తున్నారు. నిజమే, ఆ మందలో మొదటి గొర్రెను నేనే.

ఇక అసలు విషయం. శనివారం ఈ ఏటికి ఆఖరి రోజు. మళ్ళీ మొదటి బండికే వెళ్ళాను. సన్నగా వాన తుంపర, గడ్డిమోపులు తడిసి కుక్క కంపు కొడుతున్నాయి. నేను కాక బండిలో ఎనిమిది మందే. ఈసారి నోటు పుస్తకం పట్టుకెళ్ళలేదు.

నాలుగో గుడిసెలో రెండో వరసలో కూర్చున్నాను. ఆ బల్లల్లో కూర్చుంటే నడుము విరుగుతుంది, పిల్లలు ఆరేసి గంటలు ఎలా కూర్చునేవారో. డార్లా ఇటు తిరిగి వరసలు చూస్తూ వచ్చి నా దగ్గర ఆగింది. రంగు కింద మొహం ఏమైందో నాకు తెలియదు. బెత్తం నా మీద నుంచి దాటించి, వెనకున్న కుర్రవాణ్ణి చూపించి లెమ్మంది, మాకు తొందరేమీ లేదని అదే మాట అంది. నన్ను వదిలేసింది. వదిలేయడమే నాకు భరించరానిదైంది. వాడు లేవకముందే నేను లేచాను.

"తప్పు చెబుతున్నావు," అన్నాను. అనగానే నా గొంతు పాత పంతులమ్మ గొంతే అయింది, దాన్ని తగ్గించాను. "నేను అలా అనలేదు డార్లా. ఇంతకంటే ఘోరంగా అన్నాను."

మిగతావాళ్ళు ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు. ఒకామె కిసుక్కున నవ్వింది కూడా. నల్లబల్ల మీద రాసున్న వాక్యం చూపించాను. 'పిచ్చుక పొద్దున్నే పైకప్పు మీద పాడింది.' మూడో పాఠంలోది. తరగతిలో ఎవరినైనా ఏ వాక్యమైనా చదవమనవచ్చు. నీకు 'ప' పలకదని తెలిసే ఇది ఇచ్చాను అని డార్లాతో అన్నాను. అది పుస్తకంలో వరసకు వచ్చిన వాక్యం కాదని, పేజీలు తిప్పి వెతికి పట్టుకున్నానని చెప్పాను. ఇంకొకటి కూడా ఉంది ఇర్మా, అది నీకు గోడలోంచి వినిపించి ఉండదు. ఎందుకంటే నేను నెమ్మదిగా అన్నాను. ఆ పిల్ల గౌను తడిసి నేల మీద పారినప్పుడు తరగతి వైపు తిరిగి, "అందరూ కాళ్ళు పైకెత్తి కూర్చోండి," అన్నాను. ముప్ఫై మందీ ఎత్తారు. అదే ఆ గుడిసెలో ఎనిమిది మంది ముందు చెప్పాను.

నవ్వినామె నవ్వు ఆగిపోయింది. వాన చప్పుడు చెక్కల మీద వినిపిస్తోంది. డార్లా కళ్ళజోడు తీసేసింది.

"అ... అది నేను ఎవరికీ చె... చెప్పలేదు," అంది. "డ్వేన్‌కు కూడా."

నేను తలూపాను. కూర్చుందామనుకున్నాను, ఆమె కూర్చోనివ్వలేదు. బెత్తంతో నల్లబల్ల చూపించింది. చదవండి అని కూడా అనలేదు. ఆ వాక్యంలో ఉన్నవి అయిదు మాటలు. నేను ఇరవై ఏడేళ్ళు పిల్లల చేత చదివించినవి. నోరు తెరిచాను, రాలేదు. ఒక్కసారి 'పి' అని ఆగిపోయాను. డార్లా అదిలించలేదు, తొందరపెట్టలేదు, నా పాత మాట నా మీదకు విసరలేదు. ఆ మాట అనడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు, అయినా అనలేదు. ఊరికే నిలబడింది. వెనక కుర్రవాడు ఎవరితోనో గుసగుసలాడబోతే బెత్తం వాడి వైపు తిప్పింది, వాడు మూసుకున్నాడు. చివరికి చదివాను. చెడ్డగా చదివాను. నా తరగతిలో అయితే నన్ను మళ్ళీ నిలబెట్టేదాన్ని.

జనం తర్వాతి గుడిసెకు పోయారు. నేను మళ్ళీ పొలానికి అడ్డం పడబోతుంటే డార్లా గుమ్మం దగ్గరున్న లాంతరు తీసుకుని ముందు నడిచింది. నేల బురదగా ఉంది, నా చెయ్యి పట్టుకోలేదు, గుంటలు వచ్చినచోట మాత్రం ఆగి లాంతరు కిందికి దించింది. విగ్గు తీయలేదు, స్వెటరు తీయలేదు. నేనే నా ముందు నడుస్తున్నట్టుంది. అంత దగ్గరగా చూస్తే ఆ మనిషితో ఒక్క రోజు కూడా ఒకే గదిలో ఉండాలనిపించలేదు.

ఏదో చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ప్రతి వాక్యమూ నాకే ఉపన్యాసంలా వినిపించింది, కాబట్టి మింగేశాను. కంచె గేటు దగ్గర ఒక్కటే అనగలిగాను, చాలా చెడ్డపని చేశానమ్మా, అని.

ఆమె లాంతరు గేటు స్తంభానికి తగిలించింది, నేను మెట్లెక్కడానికి వెలుతురుండాలని కాబోలు. తర్వాత నా వైపు తిరిగింది.

"నేను మిమ్మల్ని క్షమించలేదు టీచర్," అంది.

ఆ వాక్యంలో ఆమె ఎక్కడా తడబడలేదు. చాలా బాగా పలికావు అని నా నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. ఆమె చీకట్లో గుడిసె వైపు వెళ్ళిపోయేదాకా మూసుకునే నిలబడ్డాను.

నీ,
లియోనా